కథలో చివర, సినిమాలో మొదట

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాల్లో షార్ట్ ఫిల్ములు తీస్తుంటాం. ఈసారి ఒక తెలుగు మాసపత్రికలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ కథ తీయాలనుకుంటున్నాం. గోదావరి జిల్లాలో ఒక పల్లె. రిటైరైన మాస్టారు ఒక్కరే ఉంటారు, కొడుకు డల్లాస్‌లో. ఆయన్ని కనిపెట్టుకుని ఉండే అమ్మాయి ‘నేను’ అంటూ కథ చెబుతుంది. మాస్టారు రోజూ రాత్రి పడుకోబోయే ముందు ‘తిన్నావా అమ్మా?’ అని అడుగుతారు. ‘తిన్నానండీ’ అంటుంది. తుఫాను రాత్రి కరెంటు పోతుంది. మాస్టారి ఆక్సిజన్ మిషన్‌ని ఇన్వర్టర్‌కి తగిలించి ‘నేను నిద్రపోయాను’ అంటుంది. చివరి పేరాలో కొడుకు ఫోన్ చేసి ‘అది పనిచెయ్యకపోతే కంపెనీకి తిప్పి పంపించెయ్యండి’ అన్నప్పుడు గానీ ఆమె యంత్రమని మనకు తెలియదు. మధ్యలో మనసు ఎలా గుర్తుపెట్టుకుంటుందో వివరిస్తూ మూడు పేజీల సైన్స్ ఉంది.

సినిమాలో ఆ అమ్మాయి మొదటి నుంచీ కళ్ళెదుటే ఉంటుంది కదా, ఆ ట్విస్టు చివరిదాకా ఎలా దాచాలి? కథంతా వాయిస్ ఓవర్‌లో చెప్పించేద్దామని ఒకడు, సైన్స్ తీసేసి లవ్ ట్రాక్ పెడదామని ఇంకొకడు అంటున్నారు. అసలు కొన్ని సైన్స్ ఫిక్షన్ కథలు సినిమాగా అంత బాగా ఎలా వస్తాయి, కొన్ని ఎందుకు తేలిపోతాయి? యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టేదానికి కూడా రచయిత అనుమతి తీసుకోవాలా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ఆ ట్విస్టు దాచకండి. రెండో నిమిషంలోనే చెప్పేయండి. మీ ఉత్తరం చదవగానే నాకు తోచిన మాట ఇదే. ఎందుకో చెప్పాలంటే ఒక సినిమా గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి. అది 2016లో వచ్చిన ‘అరైవల్’. ఇంకా చూడకపోతే ముందు చూసి వచ్చి ఇక్కణ్ణుంచి చదవండి, దాని గుట్టు విప్పకుండా నేను చెప్పదలచుకున్నది చెప్పలేను.

దానికి మూలం టెడ్ చియాంగ్ 1998లో రాసిన ‘స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్’ అనే పెద్ద కథ. గ్రహాంతరవాసులు వస్తారు. వాళ్ళ భాష నేర్చుకోవడానికి లూయీస్ అనే భాషాశాస్త్రవేత్తను సైన్యం పిలిపిస్తుంది. ఆ భాష వంటబట్టేకొద్దీ ఆమెకు కాలం కనిపించే తీరే మారిపోతుంది. జరిగినదీ, జరగబోయేదీ ఒక్కసారే తెలుస్తాయి. తనకు ఒక కూతురు పుడుతుందని, ఆ పిల్ల తనకన్నా ముందే చనిపోతుందని తెలుస్తుంది. తెలిసీ ఆ పిల్లను కంటుంది. కథ అడిగే ప్రశ్న ఇది: ముగింపు ముందే తెలిసిన జీవితాన్ని నువ్వు ఒప్పుకుంటావా?

కథలో చియాంగ్ ఇదేమీ దాచడు. మొదటి పేజీల నుంచే తల్లి కూతురితో మాట్లాడుతూ ఉంటుంది. నువ్వు ఇలా చేస్తావు, ఫలానా వయసులో ఇలా అంటావు, ఇరవై ఐదేళ్ళకు కొండ ఎక్కుతూ పడి చనిపోతావు, నేను వచ్చి గుర్తుపట్టాల్సి వస్తుంది. అన్నీ జరగబోయేవిగానే చెబుతుంది. చనిపోయిన కూతురి గురించి ఒక తల్లి ఇలా ఎందుకు మాట్లాడుతోందో మనకు అర్థం కాదు. గ్రహాంతరవాసుల భాష గురించి తెలిసేకొద్దీ ఆ వాక్యాల వరస ఎందుకలా ఉందో తెలిసి వస్తుంది. అంటే కథలో మెలిక అంతా వాక్యంలో ఉంది. క్రియాపదాల్లో ఉంది. కాగితం మీద తప్ప ఇంకెక్కడా సాగని పద్ధతి అది.

కెమెరాకు క్రియాపదాలు లేవు. తెర మీద కనిపించేదంతా ఇప్పుడు జరుగుతున్నట్టే ఉంటుంది. స్క్రీన్‌ప్లే రాసిన ఎరిక్ హైసరర్‌కూ, దర్శకుడు డెనీ విల్‌నవ్‌కూ ఎదురైన చిక్కు ఇదే. వాళ్ళు పట్టుకున్న దారి చూడండి. సినిమా మొదలవగానే ఒక పాప పుట్టడం, పెరగడం, జబ్బు చేయడం, చనిపోవడం వరసగా చూపిస్తారు. తర్వాత లూయీస్ కాలేజీకి నడిచి వస్తుంది. ముఖంలో వెలుగు లేదు. మాటలో ఉత్సాహం లేదు. కూతురు పోయిన తల్లి అని మనమే తీర్మానించేసుకుంటాం. సినిమా ఆ మాట ఎక్కడా అనలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సినిమాలు చూసిన అలవాటు వల్ల మనకే అలా అనిపించింది. పాత జ్ఞాపకం వచ్చినట్టు మధ్యలో ఒక ముక్క పడితే అది ఫ్లాష్‌బ్యాక్ అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. ఆ అలవాటునే వాళ్ళు వాడుకున్నారు. సినిమా ముప్పాతిక వంతు అయ్యాక లూయీస్ గ్రహాంతరవాసి ఎదురుగా నిలబడి ‘ఎవరీ పాప?’ అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో మనం అప్పటిదాకా చూసినదంతా తిరగబడుతుంది. గతం అనుకున్నదంతా భవిష్యత్తు. ఆ క్షణాన ప్రేక్షకుడి బుర్రలో కాలం నిజంగానే అటూ ఇటూ అవుతుంది. లూయీస్‌కు జరిగిందే మనకూ జరుగుతుంది.

కథ ముందే చెప్పినదాన్ని సినిమా దాచింది. కథ దాచిన కారణాన్ని సినిమా కంటితో చూపింది. వరస పూర్తిగా తిరగేశారు. ప్రశ్న మాత్రం అదే, ఒక్క అక్షరం కదల్లేదు. మంచి అనుసరణ అంటే నా దృష్టిలో ఇదే. కథ చదివేటప్పుడు పాఠకుడి లోపల ఏం జరుగుతుందో పట్టుకోవాలి. అదే పని ప్రేక్షకుడి లోపల జరగడానికి సినిమా చేతిలో ఏ పనిముట్లు ఉన్నాయో వెతకాలి. సంఘటనలను యథాతథంగా దించడం, డైలాగులు ఉన్నవి ఉన్నట్టు పెట్టడం దీని తర్వాతే.

వాళ్ళు పోగొట్టుకున్నదీ ఉంది, అదీ చెప్పుకోవాలి. ఆ కథలో నాకు ప్రాణంలాంటి భాగం కాంతి గురించినది. గాలిలోంచి నీళ్ళలోకి వెళ్ళే కాంతి కిరణం ఎందుకు వంగుతుంది? చేరాల్సిన చోటుకు అతి తక్కువ సమయంలో చేర్చే దారి అది కాబట్టి, అంటుంది ఫెర్మా సూత్రం. మరి ఏ దారి తక్కువ సమయం తీసుకుంటుందో తెలియాలంటే, ఎక్కడికి చేరాలో బయల్దేరకముందే తెలిసి ఉండాలి కదా? చియాంగ్ ఇక్కణ్ణుంచే కథ అల్లాడు. మనుషులు ప్రపంచాన్ని కారణం, దాని ఫలితం అన్న వరసలో చూస్తారు. ఆ గ్రహాంతరవాసులు మొదలూ తుదీ కలిపి ఒక్కసారే చూస్తారు. ఒకే భౌతికశాస్త్రం, చదివే తీరు వేరు. కథలో దీనికి బొమ్మలు గీసి మరీ వివరిస్తాడు. సినిమాలో ఇది దాదాపు లేదు. రెండు గంటల సినిమా మధ్యలో కాంతి వక్రీభవనం పాఠం చెబితే హాల్లో జనం కదలడం మొదలుపెడతారు, నిజమే. కానీ ఊరికే కోసి పారేయలేదు వాళ్ళు. దాని స్థానంలో ఒక ఆకారం పెట్టారు. కథలో ఆ లిపి ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడే పురుగుల అల్లికలా ఉంటుంది. సినిమాలో అది సిరాతో గీసిన గుండ్రటి వలయం. పొగలా గాల్లోకి వచ్చి, ఒక్కసారిగా చుట్టుకుని నిలుస్తుంది. మొదలెక్కడో చివరెక్కడో తెలియదు. వాక్యం మొదలుపెట్టకముందే మొత్తం తెలిసి ఉంటే తప్ప అలా రాయలేరని చూడగానే అర్థమైపోతుంది. పేజీలకు పేజీల భౌతికశాస్త్రం చేసే పనిని ఆ వలయం ఒక్క క్షణంలో చేసింది. సినిమాను తెరిచే మాక్స్ రిక్టర్ సంగీతమే దాన్ని మూస్తుంది కూడా, కాబట్టి సినిమా మొత్తం ఇంకో వలయం.

కలిపిన వాటిలో నాకు అంతగా నచ్చనిది చైనా సేనాపతి, యుద్ధం అంచుదాకా వెళ్ళడం, ఆఖరి నిమిషంలో ఫోన్ చేసి ఆపడం. కథలో ఇంత హడావిడి లేదు. గ్రహాంతరవాసులు వచ్చారు, మాట్లాడారు, ఎందుకొచ్చారో చెప్పకుండానే వెళ్ళిపోయారు. 4.7 కోట్ల డాలర్లు పెట్టి తీసే సినిమాకు గడియారం తిరుగుతున్నంత ఉత్కంఠ కావాలని అడిగేవాళ్ళు ఉంటారు, అందుకు చెల్లించిన మూల్యంగానే చూస్తాను నేను. అయినా ఆ ఫోన్ కాల్‌ని కూడా భవిష్యత్తు తెలియడంతోనే ముడిపెట్టారు కాబట్టి అతుకు మరీ బయటపడలేదు. సినిమా 20 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అనుసరణ స్క్రీన్‌ప్లేకి ఒకటి కూడా అందులో ఉంది.

ఇంతకీ సక్సెస్ అంటే ఏది? కొన్ని బాగా వస్తాయి, కొన్ని తేలిపోతాయి అని మీరు ఉత్తరంలో అన్నారు కాబట్టి ఇది తేల్చుకోవాలి. 1982 జూన్ 25న అమెరికాలో ఒకే రోజు రెండు సైన్స్ ఫిక్షన్ సినిమాలు విడుదలయ్యాయి. ఫిలిప్ కె. డిక్ నవల నుంచి రిడ్లీ స్కాట్ తీసిన ‘బ్లేడ్ రన్నర్’ ఒకటి. జాన్ క్యాంప్‌బెల్ 1938లో రాసిన ‘హూ గోస్ దేర్?’ నుంచి జాన్ కార్పెంటర్ తీసిన ‘ద థింగ్’ రెండోది. రెండూ అప్పట్లో నిర్మాతలు ఆశించినట్టు ఆడలేదు. ఈ రోజు సైన్స్ ఫిక్షన్ సినిమా నేర్చుకునేవాళ్ళు ముందుగా చూసేవి ఈ రెండూ. అదే 2004లో వచ్చిన ‘ఐ, రోబోట్’ బాగా డబ్బు చేసుకుంది. కానీ అది ముందు వేరే కథగా రాసుకున్న స్క్రిప్టు, తర్వాత ఐజాక్ అసిమోవ్ పుస్తకం పేరు తగిలించారు. అసిమోవ్ కథల్లో ఆనందం రోబోలు పాటించి తీరాల్సిన మూడు సూత్రాల చిక్కుముడిలో ఉంది. రోబో తప్పు చేయలేదు, సూత్రాలకు కట్టుబడే ఉంది, మరి ఇలా ఎందుకు ప్రవర్తించింది? యంత్రాలు తిరగబడి మనుషుల మీద పడే కథలు చదివి చదివి విసిగిపోయే ఆయన అవి రాశాడు. సినిమా ఆఖరికి ఆ తిరుగుబాటు దగ్గరికే పోయింది. హాల్లో ఈలలు పడ్డాయి, అసిమోవ్ ప్రశ్న మాత్రం బయటే ఉండిపోయింది. మీకు ఏది కావాలో ముందే అనుకోండి. నేను మాత్రం పదేళ్ళ తర్వాత కూడా ఎవరైనా వెతుక్కుని చూసే సినిమా గురించే మాట్లాడుతున్నాను.

రచయితకు నచ్చడం కూడా కొలబద్ద కాదు. రష్యన్ దర్శకుడు తర్కోవ్‌స్కీ 1972లో తీసిన ‘సొలారిస్’ మూల రచయిత స్టానిస్లావ్ లెమ్‌కు ఏమాత్రం నచ్చలేదు. మనిషికి ఎన్నటికీ అర్థం కాని సముద్రం గురించి తను రాస్తే, మనిషి అంతరాత్మ గురించి తీశాడని ఆయన గొడవ. లెమ్ బాధలో న్యాయం ఉంది. సినిమా గొప్పదన్నదీ నిజమే.

‘ద థింగ్’ దగ్గర ఇంకొంచెం ఆగుదాం, మీ సినిమాకు పనికొచ్చే విషయం అందులో ఉంది. అంటార్కిటికాలో ఒక స్థావరం. మంచులోంచి తీసిన ఒక జీవి ఏ ప్రాణినైనా అచ్చం అలాగే అనుకరిస్తుంది. పక్కన కూర్చున్నవాడు మనిషో, ఆ జీవో తెలియదు. ఇదే కథను 1951లో ఒకసారి తీశారు. ఆ సినిమాలో అనుకరించే గుణాన్నే తీసేశారు, మొక్క జాతికి చెందిన ఒక రాక్షసాకారాన్ని పెట్టారు. సరదాగానే ఉంటుంది, కానీ కథలోని భయం అక్కడ లేదు. కార్పెంటర్ ఆ భయాన్ని వెనక్కి తెచ్చాడు. కథలో స్థావరంలో ముప్పై మందికి పైగా ఉంటారు, ఆయన పన్నెండు మందికి కుదించాడు. ప్రతి ముఖమూ మనకు గుర్తుంటేనే ‘వీడు వాడేనా?’ అన్న అనుమానం పుడుతుంది.

ఆ రక్తపరీక్ష సీను గుర్తుందా? అందరినీ కట్టేస్తారు. ఒక్కొక్కరి రక్తం చిన్న గాజు పళ్ళెంలో తీస్తారు. ఎర్రగా కాల్చిన తీగ అందులో పెడతారు. ఆ జీవిలో ప్రతి ముక్కా విడిగా ప్రాణమున్నదే, అపాయం వస్తే తనను తాను కాపాడుకుంటుంది అన్నది సూత్రం. మనిషి రక్తమైతే సుయ్యిమంటుంది, అంతే. ఒక పళ్ళెం, ఇంకో పళ్ళెం, సుయ్యి, సుయ్యి... కథలోని జీవశాస్త్రం మొత్తం ఆ తీగ కొసన ఉంది. ఎవరూ పాఠం చెప్పలేదు. సూత్రం ఒక వాక్యంలో తేల్చేసి, మిగతాదంతా పనిగా చూపించారు. సైన్స్ ఫిక్షన్ కథలో సైన్స్ తీసేస్తే సినిమా తేలిపోతుంది. అలాగని ఉపన్యాసంలా ఉంచేసినా నిలబడదు. ఎవరో ఒకరు చేతులతో చేసే పనిగా మారినప్పుడు అది సినిమాకు అందుతుంది.

మన దగ్గరికి వస్తే, ‘ఆదిత్య 369’ (1991) ఈ విషయంలో నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ద టైమ్ మెషీన్’ స్ఫూర్తితో సింగీతం శ్రీనివాసరావు దాన్ని తీశారు. వెల్స్ కథానాయకుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అక్కడ మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. కూర్చుని తినేవాళ్ళు ఒక జాతి, నేల కింద చాకిరీ చేసేవాళ్ళు ఇంకో జాతి. అప్పటి ఇంగ్లండులో డబ్బున్నవాళ్ళకూ కార్మికులకూ మధ్య ఉన్న అగాధాన్ని చూసి రాసిన కథ అది. దాన్ని తెలుగులో యథాతథంగా తీసి ఉంటే ఎవరికి పట్టేది? సింగీతం యంత్రాన్ని మాత్రం తీసుకున్నారు. అది ఒక తెలుగువాడి చేతికి దొరికితే ముందుగా ఎక్కడికి వెళ్తాడని అడిగారు. శ్రీకృష్ణదేవరాయల కాలానికి. ఇంకెక్కడికి వెళ్తాం? అక్కడ తెనాలి రామకృష్ణుడు ఎదురుపడతాడు, జంధ్యాల మాటలు, ఇళయరాజా పాటలు. బాలకృష్ణే రాయలుగా, ఈ కాలపు కుర్రాడిగా రెండు పాత్రలూ వేశారు. ఆ తర్వాత 2504కి కూడా వెళ్ళొస్తారు, కానీ జనం గుండెల్లో నిలిచింది రాయలవారి సభే. 2025లో మళ్ళీ థియేటర్లకు వస్తే తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. వెల్స్‌కు ఇది అనుసరణ అనలేం. కానీ ఒక ఊహను మన ప్రేక్షకుడి కోరికకు ముడివేయడం అన్న కష్టమైన పనిని ఇంత హాయిగా చేసిన సినిమా తెలుగులో మళ్ళీ నాకు కనిపించలేదు.

ఇక మీ కథ. మీ మాస్టారు, ఆ అమ్మాయి ఇప్పటికే మన మనుషులు. గోదావరి జిల్లా ఇల్లు, డల్లాస్ కొడుకు, ఇన్వర్టర్, తుఫాను. మీరు దేన్నీ తెలుగు చేయనక్కర్లేదు. కాబట్టి శక్తంతా ఒక్క చోట పెట్టండి.

రచయిత ఆ రహస్యాన్ని చివరి పేరాదాకా దాచారు, ఎందుకంటే కాగితం మీద ‘నేను’ అన్నవాడికి ముఖం ఉండదు. ‘నేను నిద్రపోయాను’ అని రాస్తే మామూలు నిద్ర అనుకుంటాం. మొత్తం చదివాక వెనక్కి వెళ్ళి ఆ వాక్యం మళ్ళీ చదివినప్పుడు గుండె జల్లుమంటుంది. ‘తిన్నావా అమ్మా?’ కూడా అంతే, రెండోసారి చదివినప్పుడే దాని బరువు తెలుస్తుంది. మరి మీ ప్రేక్షకుడు రెండోసారి చూస్తాడని నమ్మకం లేదు. పైగా ఆ అమ్మాయి తెర మీద ఉన్నంతసేపూ ఎక్కడో తేడాగా ఉందే అని వెతుకుతూనే ఉంటాడు. కనిపెట్టేశాడంటే సినిమా పొడుగునా మీకంటే ముందుంటాడు. కనిపెట్టలేదంటే చివర్లో ‘ఓహో’ అనుకుని లేచి వెళ్ళిపోతాడు. రెండింట్లోనూ మాస్టారి ప్రశ్న వృథా అవుతుంది.

ఆమె యంత్రమని ముందే తెలిసినవాడి చెవిన ఆ ప్రశ్న పడాలి. మొదటి సీను నాకు ఇలా కనిపిస్తోంది. రాత్రి. మాస్టారి మంచం పక్కన మందులు సర్ది, దోమతెర దించి, ఆ అమ్మాయి వెళ్ళి స్విచ్ బోర్డు దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంటుంది. జడ పక్కకు తీసి మెడ వెనక ఛార్జర్ వైరు పెట్టుకుంటుంది. సెల్‌ఫోన్ ఛార్జింగ్ పెట్టినంత మామూలుగా. లైటు ఆరుతుంది. చీకట్లోంచి మాస్టారి గొంతు: ‘తిన్నావా అమ్మా?’ ‘తిన్నానండీ.’ అంతే, కట్ చేయండి. ఆమె యంత్రమని తెలిసిపోయింది. ఆయనకూ తెలుసని తెలిసింది. తెలిసీ ఎందుకు అడుగుతున్నాడు? తెలిసీ ఆమె తిన్నానని ఎందుకు అంటోంది? ఈ రెండు ప్రశ్నలూ సినిమా పొడుగునా ప్రేక్షకుడిని వదలవు. ఇక ఎన్నిసార్లు మాస్టారు ఆ మాట అడిగినా ప్రతిసారీ తగులుతుంది. మనసు లేనిది చేసే సేవ సేవేనా అన్నది కదా కథ అడిగే ప్రశ్న, దానికి ఇంతకంటే పెద్ద సెట్టింగ్ అక్కర్లేదు. ఆయన ఎందుకు అడుగుతున్నారో మాత్రం ఏ పాత్రతోనూ చెప్పించకండి.

తుఫాను రాత్రి సైన్స్‌ని లెక్కగా తీయండి. ఇళ్ళలో సాధారణంగా ఉండే 150 ఆంపియర్-అవర్, 12 వోల్టుల బ్యాటరీలో నిండా ఛార్జ్ ఉంటే 1,800 వాట్-అవర్లు. అయిదు లీటర్ల ఆక్సిజన్ మిషన్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. కాగితం మీద అయిదు గంటలు వస్తుంది, నిజానికి నష్టాలు పోను ఇంకా తక్కువే. ఆ అమ్మాయి తన ఛార్జింగ్‌కు 100 వాట్లు తీసుకుంటుందనుకుంటే మాస్టారికి దాదాపు గంట ఊపిరి తగ్గిపోతుంది. ఈ లెక్క ఆమె గోడ మీది క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో వేయాలి, లేదా పైకి నెమ్మదిగా చెప్పుకోవాలి. గంట. ఆ తర్వాత తన వైరు తను లాగేస్తుంది. కరెంటు పోగానే ఆక్సిజన్ మిషన్ చేసే కీచుమనే అలారం, ఇన్వర్టర్ మీదికి రాగానే మళ్ళీ మొదలయ్యే దాని బుస, బయట వాన. ఈ మూడు చప్పుళ్ళు జాగ్రత్తగా రికార్డు చేసుకోండి, నేపథ్య సంగీతం అక్కర్లేదు. ‘నేను నిద్రపోయాను’ అన్న వాక్యాన్ని మాత్రం వదలకండి. కళ్ళు మూసుకునే ముందు ఆమె మాస్టారితో ‘నిద్రొస్తోందండీ’ అంటే చాలు. జ్ఞాపకాల మీది మూడు పేజీల్లోంచి ఆమె చేత్తో చేసే పనిగా మారేది ఏదైనా ఉంటే ఒక్కటి ఉంచుకోండి, మిగతాది పోనివ్వండి.

వాయిస్ ఓవర్ గురించి మీ స్నేహితుడికి ఒక సంగతి చెప్పండి. ‘బ్లేడ్ రన్నర్’ మొదట విడుదలైనప్పుడు ప్రేక్షకులకు అర్థం కాదేమో అన్న భయంతో హీరో గొంతుతో వ్యాఖ్యానం పెట్టారు. 1992లో వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో అది తీసేశారు. సినిమా ఏమీ అర్థం కాకుండా పోలేదు, ఊపిరి పీల్చుకుంది. ‘అరైవల్’లో కూడా వాయిస్ ఓవర్ ఉంది, కానీ అది తల్లి కూతురితో అంటున్న మాట. ఒకరితో చెప్పే మాటకు, ప్రేక్షకుడికి ఇచ్చే వివరణకు చాలా తేడా. మీ అమ్మాయి ఎవరితోనైనా మాట్లాడుతోందా? డల్లాస్ కొడుకుకు రోజూ పంపే ఆరోగ్య నివేదికలా అయితే నేను ఒప్పుకుంటాను: బీపీ ఇంత, షుగర్ ఇంత, రాత్రి రెండుసార్లు లేచారు. అంత పొడిగా ఉంటేనే లోపలున్నది వినిపిస్తుంది. లవ్ ట్రాక్ వద్దు. మీ కథలో ప్రేమ ఇప్పటికే కావాల్సినంత ఉంది.

వేషం గురించి కూడా ఒక మాట. వెండి రంగు పూయడం, గొంతు మార్చడం, యంత్రంలా నడిపించడం చేయకండి. నూలు చీర కట్టిన మామూలు అమ్మాయిని పెట్టండి, మెడ దగ్గరి ఆ ఒక్క రంధ్రం చాలు.

అనుమతి తప్పకుండా తీసుకోవాలి. ఉచితంగా పెట్టినా తీసుకోవాల్సిందే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కథను సినిమాగా తీసే హక్కు దాని కాపీరైట్ ఎవరిదో వారిదే, పత్రికకు బయటి నుంచి పంపిన కథకు సాధారణంగా అది రచయితదే. ఊహకు కాపీరైట్ లేదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘ముసలాయనను చూసుకునే రోబో’ అన్న ఊహతో మీరు సొంత కథ రాసుకుంటే ఎవరూ అడ్డు చెప్పలేరు. కానీ ‘తిన్నావా అమ్మా’, తుఫాను, ఇన్వర్టర్, కొడుకు ఫోను అన్నీ ఉన్నాయంటే అది ఆ రచయిత కథే. వెల్స్ లాంటి వాళ్ళ సంగతి వేరు. ఆయన 1946లో పోయారు, మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్ళే లెక్క కాబట్టి ఆయన కథలు ఇక్కడ 2007 నుంచి ఎవరైనా తీసుకోవచ్చు.

ఒప్పందం కాగితం మీద, సంతకంతో ఉండాలి, నోటిమాట చాలదు. అందులో రెండు విషయాలు మరిచిపోకుండా రాయించండి. ఎంతకాలానికో రాయకపోతే చట్టం అయిదేళ్ళుగా లెక్కేస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే అనుకుంటుంది. యూట్యూబ్‌లో పెడితే డల్లాస్‌లో కూడా చూస్తారు కదా, కాబట్టి ‘ప్రపంచమంతటా’ అన్న మాట ఉండాలి. డబ్బు ఇవ్వగలిగితే ఇవ్వండి, ఎంత చిన్న మొత్తమైనా సరే. మొదటి కార్డులో రచయిత పేరు పెట్టండి.

పత్రిక సంపాదకుడికి రాస్తే రచయితను ఎలా కలవాలో చెబుతారు. స్క్రిప్టు పూర్తయ్యాక కాదు, ఇప్పుడే రాయండి. తను చివరిదాకా దాచిన రహస్యాన్ని మీరు మొదట్లోనే చెప్పేస్తున్నారన్న సంగతి ఆ ఉత్తరంలోనే ఉండాలి, ఛార్జర్ సీను రెండు పేజీలు రాసి జతచేయండి. కథ రూపం తన పరువుకు భంగం కలిగేలా మారిస్తే అభ్యంతరం చెప్పే హక్కు చట్టం రచయితకు ఇచ్చింది, అది ఒక కారణం. ఆ ‘తిన్నావా అమ్మా’ని అంత జాగ్రత్తగా పేర్చిన మనిషికి దాని గురించి మీకంటే, నాకంటే ఎక్కువ తెలిసి ఉంటుంది, ఇది అంతకంటే పెద్ద కారణం. ఒప్పుకోకపోతే ఎందుకు వద్దన్నారో అడగండి, ఆ జవాబు వచ్చాకే కెమెరా అద్దెకు తీసుకోండి.